కుటుంబ బ్రూవరీ ప్రపంచ కంపెనీ ఎలా అవుతుంది? హైనెకెన్ లెక్క

అడిగింది ఇదీ: "ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కుటుంబం నడిపిన బ్రూవరీ ఇవాళ మన కింగ్‌ఫిషర్‌కి కూడా యజమాని ఎలా అయింది? షేర్లు అమ్మితే పెత్తనం పోవాలి, అమ్మకపోతే అంత డబ్బు రాకూడదు. నాలుగు తరాలుగా రెండూ ఎలా కుదిరాయి? బీరు అంత గొప్పదా, లేక అంతా కొనుగోళ్లేనా?"

సూటిగా చెప్పేస్తాను. పెద్ద కొనుగోళ్లలో చాలావరకు గత పాతికేళ్లలో జరిగినవి. వాటికి ముందు వందేళ్ల పునాది ఉంది. ఆ పునాదిలో అసలు రాళ్లు రెండు. ఒకే రుచిని ఎక్కడ కాచినా మళ్లీ తీయగలిగిన ఈస్ట్ మొదటిది. మొత్తం కంపెనీలో నాలుగో వంతు కూడా లేని సొమ్ముతో కంపెనీ అంతటినీ చేతిలో ఉంచుకునే షేర్ల అమరిక రెండోది. బీరు గొప్పదా అంటే, మంచి లాగర్ (చల్లగా పులియబెట్టే రకం బీరు), అంతే. అంతకన్నా మంచి బీరు కాచిన బ్రూవరీలు ఆ కాలంలో యూరప్‌లో వందల్లో ఉండేవి. వాటిలో చాలావాటి పేరు ఇవాళ ఎవరికీ తెలీదు.

ముందు మొదలు చూద్దాం. 1864లో గెరార్డ్ అడ్రియాన్ హైనెకెన్ అనే 22 ఏళ్ల కుర్రాడు ఆమ్‌స్టర్‌డామ్‌లో "డె హోయిబెర్గ్" బ్రూవరీని కొన్నాడు. పేరుకు అర్థం గడ్డివాము. 1592 నాటి పాత బ్రూవరీ అది, డబ్బు తల్లిది. నాలుగైదేళ్లలో రెండు పనులు చేశాడు. ఊరి చివర కొత్త బ్రూవరీ కట్టాడు. పాతరకం ఏల్ మానేసి జర్మనీ పద్ధతి లాగర్‌కి మారాడు, దానికోసం ఫెల్ట్‌మన్ అనే జర్మన్ బ్రూమాస్టర్‌ని తెచ్చుకున్నాడు. 1873లో వ్యాపారాన్ని వాటాల కంపెనీగా మార్చి, 1874లో రాటర్‌డామ్‌లో రెండో బ్రూవరీ తెరిచాడు. అంటే బయటివాళ్ల సొమ్ము తీసుకోవడం మొదటి తరంలోనే మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

లాగర్‌కి మారడమంటే కేవలం రుచి మార్చడం కాదు, పెట్టుబడి తీరే మారిపోతుంది. ఏల్ 18 నుంచి 22 డిగ్రీల్లో నాలుగైదు రోజుల్లో పులుస్తుంది, వారం పది రోజుల్లో అమ్ముకోవచ్చు. లాగర్ 8 నుంచి 12 డిగ్రీల్లో వారానికి పైగా పులిసి, ఆ తర్వాత సున్నా దగ్గర కొన్ని వారాలు పడుకోవాలి. అన్నాళ్లూ సరుకు ట్యాంకుల్లోనే, డబ్బూ ట్యాంకుల్లోనే. చలికి మొదట్లో గడ్డకట్టిన చెరువుల మంచు, తర్వాత లిండె అనే ఇంజనీరు చేసిన శీతల యంత్రాలు. చిన్నవాళ్లు ఇక్కడే రాలిపోయారు. నిలబడ్డవాళ్లకి మాత్రం ఒక వరం దక్కింది: చల్లగా పులిసి చల్లగా నిలవున్న బీరు ఎక్కువకాలం చెడదు, ఓడ ఎక్కించొచ్చు.

ఇక ఈస్ట్. 1883లో డెన్మార్క్‌లో, కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచే పద్ధతి కనిపెట్టాడు. కార్ల్స్‌బర్గ్ వాళ్లు దాన్ని దాచుకోలేదు, అడిగినవాళ్లకి ఇచ్చారు. హైనెకెన్ సొంత ప్రయోగశాల పెట్టుకుంది. అక్కడ 1886లో పాశ్చర్ శిష్యుడు డాక్టర్ ఎలియాన్ "ఏ-ఈస్ట్"ని వేరుచేశాడు. నేటికీ ఆ వంశాన్నే నెదర్లాండ్స్ నుంచి లోకంలోని తమ బ్రూవరీలకి పంపుతారు. అక్కడ కాచిన బీరు నమూనాలు రుచి పరీక్షకి తిరిగి నెదర్లాండ్స్‌కి వెళతాయి.

దీని విలువ కాగితం మీద అర్థం కాదు, ఈస్ట్ పెంచే గదిలో చూస్తే తెలుస్తుంది. పరీక్ష నాళికలో పెసరగింజంత ఈస్ట్ ఉంటుంది. దాన్ని 10 మిల్లీలీటర్ల తీపి రసంలో వేస్తారు, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఉడకబెట్టి వడకట్టిన వర్ట్‌లో. ఒకటి రెండు రోజులకి అది 100 మిల్లీలీటర్లలోకి, తర్వాత లీటరు, 10 లీటర్లు, 100 లీటర్లు, ఇలా ప్రతి మెట్టుకీ పది రెట్లే. తొందరపడి లీటరు నుంచి నేరుగా వంద లీటర్లకి దూకితే ఈస్ట్ పల్చబడి నెమ్మదిస్తుంది, ఆ సందులో బ్యాక్టీరియా తలెత్తుతుంది. చివరికి లక్ష లీటర్ల ట్యాంకులో వేయడానికి 500 నుంచి 1,000 లీటర్ల చిక్కటి ఈస్ట్ ముద్ద కావాలి, అంటే మిల్లీలీటరు వర్ట్‌కి సుమారు కోటి కణాలు. ఒక ట్యాంకు అడుగున దిగిన ఈస్ట్‌నే తీసి తర్వాతి ట్యాంకులో వాడతారు. అలా అయిదారు నుంచి పది సార్ల వరకు బాగుంటుంది, ఆపైన దాని గుణం మారిపోతుంది. అప్పుడు మళ్లీ నాళిక దగ్గరికి రావాల్సిందే.

దూరాన ఉన్న బ్రూవరీలో ఎక్కువగా కనిపించే దోషం వెన్న వాసన, డయాసిటైల్ వల్ల. లాగర్‌లో లీటరుకి 0.1 మిల్లీగ్రాము ఉన్నా ముక్కుకి తెలుస్తుంది. ఈస్ట్ దాన్ని తయారు చేస్తుంది, టైమిస్తే తనే తినేస్తుంది. సరుకు తొందరగా పంపాలని ట్యాంకుని ముందే చల్లబరిస్తే ఈస్ట్ పడుకుంటుంది, వాసన బీరులో ఉండిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒకే ట్యాంకు నుంచి రెండు సీసాల్లో నమూనా తీసి, ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, మళ్లీ చల్లబరిచి, రెండూ పక్కపక్కన వాసన చూడాలి. వేడిచేసిన దాంట్లో వెన్న వాసన వస్తే ట్యాంకు ఇంకా సిద్ధం కాలేదన్నమాట. 14 నుంచి 16 డిగ్రీల్లో ఇంకో రెండు రోజులు వదిలేయాలి. సేల్స్ వాళ్లు ఒత్తిడి చేసినా ఈ రెండు రోజులు ఆగగలిగే క్రమశిక్షణ ఉన్నచోటే బ్రాండు బతుకుతుంది.

ఇప్పుడు దూరం సంగతి. బీరంటే ప్రధానంగా నీళ్లు, గాజు. మన 650 మిల్లీలీటర్ల సీసా నిండా ఉంటే కిలో దాటుతుంది. 12 సీసాల కేసులో బీరు 7.8 లీటర్లే, బరువు 13 కిలోల పైమాటే. ఇంత బరువైన చౌక సరుకుని దూరం మోస్తే లాభం దారిలోనే ఆవిరవుతుంది. కాబట్టి బయటి దేశానికి వెళ్లాలంటే రెండే దారులు: ఖరీదైన దిగుమతి సరుకుగా కొద్దిమందికి అమ్మడం, లేదా తాగేవాడి దగ్గరే కాయడం. హైనెకెన్ ఏ దేశంలో ఏది చేయాలో ఎంచుకోవడంలో చాలావరకు సరిగ్గా ఉంది. తప్పినచోట్ల దెబ్బ గట్టిగానే తగిలింది.

అమెరికాలో మొదటి దారి. 1933లో మద్యనిషేధం సడలగానే అక్కడికి చేరిన తొలి విదేశీ బీరు వీళ్లదే. లియో వాన్ మన్చింగ్ అనే దిగుమతిదారు దాన్ని హోటళ్లు, ఓడలు, రెస్టారెంట్లలో తిరిగి నిలబెట్టాడు. ఎంత అమ్ముడైనా అమెరికాలో కాయకుండా నెదర్లాండ్స్ నుంచే పంపారు. జర్మనీ బీరు లోవెన్‌బ్రావ్ ఇందుకు ఎదురు ఉదాహరణ. 1970లలో మిల్లర్ కంపెనీ హక్కులు తీసుకుని దాన్ని అమెరికాలోనే కాయడం మొదలెట్టింది. ఖరీదు దిగుమతి బీరుది, సరుకు లోకల్‌ది అని తెలిశాక జనం మొహం తిప్పేశారు.

ఇంగ్లండ్‌లో హైనెకెన్ కూడా అదే గోతిలో పడింది. అక్కడ విట్‌బ్రెడ్ కంపెనీకి లైసెన్సు ఇచ్చారు. వాళ్లు ఇంగ్లిష్ పబ్బులకి తగ్గట్టు 3.4 శాతం ఆల్కహాల్‌తో పల్చటి బీరు కాచి, హైనెకెన్ పేరుతో చౌకగా అమ్మారు. అమ్మకాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. పేరు మాత్రం మూడు దశాబ్దాల పాటు "పల్చని బీరు" అయి కూర్చుంది. చివరికి 2003లో ఆ సరుకు మొత్తం ఆపేసి, 5 శాతం దిగుమతి బీరుతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. లైసెన్సు ఒప్పందంలో రాయల్టీ శాతం కన్నా ముందు రాసుకోవాల్సింది ఆల్కహాల్ శాతం, ఈస్ట్ ఎవరిది, నమూనా ఎన్నాళ్లకోసారి, తప్పితే ఎన్ని రోజుల్లో రద్దు. ఈ నాలుగూ లేని లైసెన్సు పేరుని అద్దెకిచ్చినట్టు కాదు, అమ్మేసినట్టే.

ఇక్కడ ఒక పక్కమాట. ఆకుపచ్చ సీసా చూడ్డానికి బాగుంటుంది గానీ, బీరుకి మంచిది కాదు. బీరులో వేసే హాప్స్ పువ్వుల్లోని చేదు పదార్థానికి వెలుతురు తగిలితే గబ్బు వాసన పుడుతుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది ఆపదు. అమెరికాలో కొన్నాళ్లు జనం ఆ వాసనే దిగుమతి బీరు లక్షణమనుకున్నారు! ఎగుమతి సీసాతో ఇంకో తంటా, అది తిరిగి రాదు. మన దగ్గర ఖాళీ సీసా పాతసామాన్ల వాడి నుంచి బ్రూవరీకి చేరి, సుమారు 2 శాతం కాస్టిక్ సోడా కలిపిన 80 డిగ్రీల వేడినీళ్లలో కడిగించుకుని మళ్లీ నిండుతుంది. కరీబియన్ దీవి కురసావోలో చెత్తగా పడున్న తన సీసాలు చూసి, గెరార్డ్ మనవడు ఫ్రెడ్డీ హైనెకెన్ 1963లో ఇటుకలా పేర్చి గోడ కట్టుకునే చదరపు సీసా చేయించాడు. డిజైన్ హబ్రాకెన్ అనే ఆర్కిటెక్టుది. తయారయ్యాయి గానీ మార్కెట్ మొహం చూడలేదు.

రెండో దారి, దగ్గరే కాయడం, ఆసియా ఆఫ్రికాల్లో పట్టుకున్నారు. 1931లో సింగపూర్‌లో ఫ్రేజర్ అండ్ నీవ్‌తో కలిసి మలయన్ బ్రూవరీస్, మరుసటి ఏడాది టైగర్ బీరు. 1946లో నైజీరియన్ బ్రూవరీస్, 1949లో స్టార్ బీరు. గమనించండి, ఎక్కడా తమ పేరు రుద్దలేదు. జనం రోజూ తాగేది లోకల్ బ్రాండు, పండగపూట చేతిలో కనబడేది హైనెకెన్.

నైజీరియా కథ మనవాళ్లకి ఆసక్తిగా ఉంటుంది, అక్కడ బార్లీ పోయి జొన్న వచ్చింది. విదేశీ మారకం కోసం ఆ ప్రభుత్వం 1988 నుంచి బార్లీ మాల్ట్ దిగుమతి నిషేధించింది. జొన్నతో బీరు కాయడం వినడానికి తేలికే, బ్రూహౌస్‌లో మాత్రం నరకం. బార్లీ పిండిపదార్థం 60 నుంచి 65 డిగ్రీల్లో మెత్తబడుతుంది, దాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు కూడా ఆ వేడిలోనే పనిచేస్తాయి. జొన్న 70 డిగ్రీలు దాటితే గానీ లొంగదు, ఆ వేడికి దానిలోని కొద్ది ఎంజైములూ చచ్చిపోతాయి. కాబట్టి జొన్నని విడిగా ఉడికించి, చల్లార్చి, బయట కొన్న ఎంజైములు కలపాలి. బార్లీకి పొట్టు ఉంటుంది, అదే సహజమైన జల్లెడ. జొన్నకి అది లేదు, రసం దిగదు, పేస్టులా బిగుసుకుపోతుంది. అందుకే గుడ్డ పలకల మధ్య నొక్కి పిండే ఫిల్టర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంత చేసి నిలబడ్డవాళ్లని దాటి కొత్తవాడు లోపలికి రావడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పెత్తనం. 1939లో కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్ ఎక్స్ఛేంజీకి వచ్చింది. రెండో తరం హెన్రీ పియర్ హైనెకెన్ వాటాలు అమ్ముకుంటూ పోయాడు, 1942 నాటికి కుటుంబం చేతిలో మెజారిటీ లేదు. మామూలుగా కథ ఇక్కడితో అయిపోవాలి. అతని కొడుకు ఫ్రెడ్డీ అమెరికాలో వాన్ మన్చింగ్ దగ్గర మార్కెటింగ్ నేర్చుకుని వచ్చాడు, షేర్లు కూడగట్టి 1954లో మెజారిటీ మళ్లీ సంపాదించాడు. ఆ తర్వాత పట్టు జారకుండా కట్టిన అమరికే ఇవాళ్టికీ నడుస్తోంది.

దాన్ని రూపాయల్లో చెప్తాను. బీరు కంపెనీ హైనెకెన్ ఎన్‌వీ విలువ 100 రూపాయలనుకోండి. పెత్తనానికి 50 పైన కావాలి. ఆ 50 చిల్లరని కుటుంబం నేరుగా పెట్టుకోదు, హైనెకెన్ హోల్డింగ్ అనే ఇంకో కంపెనీ పేరున ఉంటుంది. హోల్డింగ్‌కి వేరే వ్యాపారం ఏమీ లేదు, అదీ ఎక్స్ఛేంజీలో ఉంది. దాని షేర్లలో సగానికి కాస్త తక్కువ జనానికి అమ్మేశారు. మిగతా సగం పైచిలుకు లార్ష్ గ్రీన్ అనే మూడో కంపెనీ చేతిలో, అంటే 100లో 26 రూపాయల చిల్లర. లార్ష్ గ్రీన్‌లో 88.86 శాతం హైనెకెన్ కుటుంబానిది, మిగతాది హోయెర్ కుటుంబానిది. చివరికి కుటుంబం సొమ్ము 23 రూపాయల దగ్గర తేలింది. ఓటు మాత్రం వందకీ చెల్లుతుంది.

ఇది గారడీ ఏమీ కాదు, దీనికో ఖరీదుంది. హోల్డింగ్ షేరుకి, ఎన్‌వీ షేరుకి డివిడెండు ఒక్కటే, అయినా మార్కెట్లో హోల్డింగ్ షేరు తక్కువకి పలుకుతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, కొత్త షేర్లు జారీచేసి ఏదైనా కొనాలంటే ప్రతిసారీ రెండు మెట్లలోనూ 50 దాటి ఉండేలా చూసుకోవాలి. 2010లో మెక్సికో ఫెమ్సా కంపెనీ బీరు వ్యాపారాన్ని షేర్లిచ్చి కొన్నప్పుడు ఇదే చేశారు. ఫెమ్సాకి ఎన్‌వీలో 12.53 శాతం, హోల్డింగ్‌లో 14.94 శాతం ఇచ్చారు. కూడితే మొత్తంలో 20 శాతం. ఆ ఇరవైనీ ఎన్‌వీ షేర్లలోనే ఇచ్చి ఉంటే హోల్డింగ్ వాటా 50 కిందికి జారేది. రెండుగా చీల్చడంతో ఎన్‌వీలో హోల్డింగ్ వాటా, హోల్డింగ్‌లో లార్ష్ గ్రీన్ వాటా రెండూ 50 శాతం గట్టు మీద నిలిచాయి. వకీళ్లు దశాంశ స్థానాలు లెక్కపెట్టి రాసిన ఒప్పందం అది.

ఈ కంచె లేనివాళ్ల గతి చూడండి. బడ్వైజర్ చేసే అన్‌హాయిజర్-బుష్‌లో బుష్ కుటుంబం వాటా చివర్లో నాలుగు శాతం దగ్గర ఉండేది. 2008లో బెల్జియం బీరు కంపెనీ ఇన్‌బెవ్ షేరుకి 70 డాలర్లు, మొత్తం 52 వందల కోట్ల డాలర్లు ఇస్తామనేసరికి ఆపగలిగే బలం కుటుంబానికి లేకపోయింది. హైనెకెన్‌ని 2014లో ఇంకో పెద్ద బీరు కంపెనీ ఎస్‌ఏబీమిల్లర్ కొంటామని అడిగింది. ఫ్రెడ్డీ కూతురు షార్లీన్ డి కార్వాల్హో కుటుంబం వద్దంది, అక్కడితో సరి.

కొనుగోళ్ల గురించి క్లుప్తంగా. 1968లో ఊళ్లోనే పోటీదారు ఆమ్‌స్టెల్. 2003లో ఆస్ట్రియా బ్రావ్ యూనియన్. 2008లో కార్ల్స్‌బర్గ్‌తో కలిసి 780 కోట్ల పౌండ్లకి బ్రిటన్ బీరు కంపెనీ స్కాటిష్ అండ్ న్యూకాజిల్. నికర అప్పు వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు ఏడాది లాభానికి రెండున్నర రెట్లు మించకూడదన్నది వీళ్ల గీత, దాటినప్పుడు మళ్లీ లోపలికి వచ్చేదాకా పెద్ద కొనుగోళ్ల జోలికి పోవడం తక్కువ. బ్రెజిల్‌లో ఓపిక కలిసొచ్చింది: అక్కడ జపాన్ కిరిన్ 2011లో భారీగా పోసి కొన్న వ్యాపారం నష్టాల్లో మునిగితే, 2017లో వీళ్లు 66.4 కోట్ల యూరోలకి తీసుకున్నారు.

సింగపూర్‌లో మాత్రం చెమటలు పట్టాయి. భాగస్వామ్యానికి 81 ఏళ్లు నిండాక, 2012లో, థాయ్‌లాండ్ మద్యం వ్యాపారి వర్గం ఫ్రేజర్ అండ్ నీవ్ షేర్లు కొనడం మొదలెట్టింది. టైగర్ చేసే ఉమ్మడి కంపెనీని అవతలివాడు ముట్టుకోనక్కర్లేదు, భాగస్వామిని కొంటే చాలు. హైనెకెన్ షేరుకి 50 సింగపూర్ డాలర్లన్నది 53 చేసి, దాదాపు 560 కోట్ల సింగపూర్ డాలర్లకి భాగస్వామి వాటా తీసేసుకుంది. ఉమ్మడి కంపెనీ ఒప్పందంలో "నీ యజమాని మారితే నీ వాటా ముందు నాకే" అన్న షరతు ఉందా లేదా చూసుకోండి. చాలా ఒప్పందాల్లో భాగస్వామి తన వాటా అమ్మితేనే ఆ హక్కు వర్తిస్తుంది, భాగస్వామే అమ్ముడుపోతే వర్తించదు.

మన కింగ్‌ఫిషర్ వీళ్ల చేతికి వచ్చింది ఈ వరసలోనే. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్‌లాండ్ వ్యక్తి దక్షిణాదిలోని చిన్న బ్రూవరీలని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు, తర్వాత అది విఠల్ మాల్యా చేతికి వచ్చింది. స్కాటిష్ అండ్ న్యూకాజిల్‌కి అందులో 37.5 శాతం వాటా ఉండేది. 2008లో ఆ కంపెనీతో పాటు ఆ వాటా కూడా హైనెకెన్‌కి చేరింది. రెండో తరం మాల్యా విమానాల్లోకి వెళ్లాడు. ఎయిర్‌లైన్ 2012లో ఆగిపోయింది, అప్పుల కింద బీరు షేర్లు బ్యాంకుల పాలయ్యాయి. వసూళ్ల ట్రిబ్యునల్ 2021 జూన్‌లో వాటిని అమ్మకానికి పెడితే హైనెకెన్ దాదాపు 15 శాతం వాటాని 5,825 కోట్ల రూపాయలకి కొని 61.5 శాతానికి చేరింది. చూడండి, ఇద్దరివీ కుటుంబ బ్రూవరీలే. ఒకరు బీరు షేరుని మూడు తలుపుల వెనక పెట్టి తాళం వేశారు, ఇంకొకరు దాన్నే తాకట్టు పెట్టి విమానం ఎగరేశారు.

అయితే ఇండియాలో మెజారిటీ ఉన్నంత మాత్రాన ధర మీ చేతిలో ఉండదు. ఇక్కడ ప్రతి రాష్ట్రం ఒక విడి దేశమే: లేబుల్ రిజిస్ట్రేషన్ వేరు, సుంకం వేరు, సరిహద్దు దాటితే ఫీజు. అందుకే ఈ కంపెనీకి ఒక్క పెద్ద ఫ్యాక్టరీ బదులు రాష్ట్రానికో బ్రూవరీ కావాలి. తెలంగాణలో కొనేది ఒక్కరే, ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్. 2019-20 తర్వాత మూలధర సవరించలేదని, పాత బకాయిలు రాలేదని చెప్పి 2025 జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేసింది. హైదరాబాద్ వైన్స్‌లలో కింగ్‌ఫిషర్ దొరకదన్న కలవరం మీకూ గుర్తుండే ఉంటుంది. రెండు వారాలు తిరక్కుండానే సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. ఏటా సుమారు 2,400 కోట్ల లీటర్ల బీరు అమ్మే కంపెనీ కూడా ఇక్కడ డిపో గేటు దగ్గర లారీ ఆపి బేరం ఆడాల్సిందే.